మెట్ల కింది సైకిలు

పెద్దాయన తుంటి దగ్గర కట్టు మార్చి, "మానుతోంది బాబాయిగారూ, ఇంక భయం లేదు" అని చెప్పి నర్సు మెట్లు దిగేసరికి, ఆ ఇంటి కోడలు గేటు దగ్గర ఒక సైకిలుతో కుస్తీ పడుతోంది. నర్సుకి ఆ పూట ఇంకా ఎనిమిది ఇళ్లున్నాయి. బస్సు వచ్చే వేళయింది. ఎవరి వాకిట్లో ఎవరు దేంతో కుస్తీ పడితే తనకెందుకని వెళ్లిపోవాల్సిన మనిషి, నిలబడిపోయింది.

సైకిలు ముందు చక్రం బిగుసుకుపోయింది. కోడలు హ్యాండిలు పట్టి లాగుతుంటే టైరు నేలని గీరుకుంటూ వస్తోంది. స్కూల్లో పాఠం చెప్పడానికి వేసుకున్న ఉతికిన బట్టల మీద అప్పుడే రెండు తుప్పు మరకలు పడ్డాయి.

"పాత సామాన్ల బండి వస్తుంది సిస్టర్. అందులో పడేస్తే పీడా పోతుంది," అంది కోడలు ఆయాసపడుతూ.

నర్సు సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది. బ్రేకులకి తీగలు కాదు, కడ్డీలు. చైను మొత్తాన్నీ కప్పేసే రేకు డబ్బా. నెర్రెలు విచ్చిన తోలు సీటు, దాని కింద పిడికిలంత స్ప్రింగులు. హ్యాండిలుని బొటనవేలితో గట్టిగా రుద్దితే తుప్పు కింద తెల్లగా మెరిసింది. చిన్నప్పుడు ఇలాంటి దాని మీదే, సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుంది. నలభై ఆరేళ్లొచ్చినా మోకాలి మీద ఆ మచ్చ పోలేదు.

"పడేసేదైతే నేను తీసుకెళ్లనా?"

"దీన్నా?" కోడలు ఆమెని ఎగాదిగా చూసింది. "తీసుకెళ్లండి. మావయ్యగారికి తెలిసేలోపు తీసుకెళ్లిపోండి."

ఆ చివరి మాట నర్సు చెవిన పడింది. పడనట్టే ఊరుకుంది. ముందు చక్రాన్ని పైకెత్తి పట్టుకుని, వెనక చక్రం మీద సైకిలుని దొర్లించుకుంటూ వీధిలోకి నడిచింది. తను ఎక్కాల్సిన బస్సు పక్కనుంచే వెళ్లిపోయింది. అటు తల కూడా తిప్పలేదు.

రెండు వీధుల అవతల ఉన్న సైకిలు షాపతను దాన్ని చూసి పెదవి విరిచాడు. "అమ్మా, ఇందులో సైకిలెంత, తుప్పెంత?"

"ఓవరాయిలింగు చెయ్యి. రంగు మాత్రం వెయ్యకు. ఏ ముక్క మార్చాల్సి వచ్చినా నన్నడిగి మార్చు."

అది గురువారం. శుక్ర, శనివారాలు సాయంత్రం డ్యూటీ దిగగానే ఆమె షాపు దగ్గర తేలింది. షాపతను మొదట విసుక్కున్నాడు, తర్వాత చేతికి ఒక గుడ్డ ఇచ్చి కూర్చోబెట్టాడు. ఫ్రీవీలు రెండు రోజులు కిరసనాయిల్లో నానింది. చైను కడ్డీలా బిగుసుకుపోయిందనుకుంటే, మూడో కడుగుడికి లింకులు ఒక్కొక్కటే వదిలాయి. ఆదివారం ఆమె ఎడమ పెడల్ విప్పబోయి, పానా వేసి, ఉన్న బలమంతా పెట్టి తిప్పి చెమటలు కక్కింది. షాపతను నవ్వాపుకుంటూ చాలాసేపు చూశాడు.

"ఆ పక్కన మర తిరగేసి ఉంటుందమ్మా. మీరు ఇంతసేపూ బిగిస్తున్నారు."

"ముందే చెప్పొచ్చు కదయ్యా."

"మీరడగలేదు."

ఆదివారం సాయంత్రానికి చక్రాలు తిరిగాయి. కొత్త టైర్లు, కొత్త ట్యూబులు, కొత్త బ్రేకు రబ్బర్లు. మిగతాదంతా పాతదే, నూనె తాగి నల్లగా నిగనిగలాడుతోంది. భర్త గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయన సిటీ బస్సు నడుపుతాడు.

"డ్రైవరు పెళ్లానివి, బస్సు పాసుంది. నీకిదేం పిచ్చి?"

"మీ బస్సు నేనెక్కేసరికి ఎప్పుడైనా సీటుందా?"

"సరే తొక్కు. నా రూటులో మాత్రం అడ్డం రాకు. హారన్ కొట్టి కొట్టి నా చెయ్యి పడిపోతుంది."

సోమవారం పొద్దున ఏడింటికి ఆమె యూనిఫాం ప్యాంటు కాలికి రబ్బరు బ్యాండు వేసుకుని, మందుల సంచీ క్యారియరుకి కట్టి, ఎక్కింది. మొదటి పది గజాలు హ్యాండిలు ఆమె మాట వినలేదు. తర్వాత వింది. కూడలి దాటాక రోడ్డు పల్లంగా ఉంటుంది. అక్కడ తొక్కడం ఆపేస్తే ఫ్రీవీలు టిక్‌టిక్‌మంటూ తన పని తాను చేసుకుపోయింది. గాలి చొక్కా చేతుల్లోకి దూరింది. ఆమెకి పట్టరాని సంతోషం కలిగింది. ఇరవై రెండేళ్లుగా మంచాన పడ్డవాళ్ల కాళ్లూ చేతులూ కదిలిస్తూ బతుకుతున్న మనిషి, తనకీ రెండు కాళ్లున్నాయన్న సంగతే మర్చిపోయింది. పల్లం అయిపోయాక వెనక్కి తిప్పుకుని, మళ్లీ పైకి తోసుకెళ్లి, ఇంకోసారి దిగింది. డ్యూటీ వేళలో ఇలాంటి పని ఆమె ఎన్నడూ చెయ్యలేదు.

పెద్దాయన వీధి దగ్గరపడగానే మాత్రం ఆమె కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. సైకిలుని పక్క వీధిలో మందుల షాపు ముందు పెట్టి, తాళం వేసి, మిగతాది నడిచింది. ఎందుకలా చేస్తున్నావని ఎవరైనా నిలదీస్తే నీళ్లు నమిలేది.

పెద్దాయనది మేడ మీద గది. కిటికీ తీస్తే పక్కింటి గోడే కనిపిస్తుంది. కొడుకు వేరే ఊళ్లో ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. ఆరు వారాల కిందట తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. బాత్రూంలో జారిపడ్డారని ఆస్పత్రి కాగితాల్లో ఉంది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ కాలెత్తమంటే మొహం తిప్పుకునే మనిషి, ఆ రోజు ఆమె చెప్పకముందే పది లెక్కపెట్టి, "ఇంకో ఐదు" అన్నాడు.

"ఏంటి బాబాయిగారూ, ఇవాళ ఇంత హుషారు?"

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా కోడలికి చెప్పనంటే చెప్తా. మెట్ల కింద నా సైకిలుంది. చూశావా?"

నర్సు కట్టు గుడ్డ చుట్టడం ఆపకుండా, "చూశాను" అంది.

"మిల్లులో ఫిట్టరుగా చేరిన ఏడాది కొన్నా. ముప్ఫై నాలుగేళ్లు తొక్కా. ఇప్పుడు తుప్పు పట్టిపోయింది కానీ లోపల ఇనుము గట్టిది. పదకొండు మెట్లు దిగగలిగితే చాలు అమ్మాయ్. అక్కడే స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కో నట్టూ విప్పుతా. నాకేం తొందర, నెల పట్టనీ." ఆయన వేళ్లు దుప్పటి మీద కనపడని నట్టుని తిప్పుతున్నాయి. "ఒక్క సాయం చెయ్యి. కిందికెళ్లి, టైర్లలో గాలేమైనా మిగిలిందేమో నొక్కి చూసి రా."

ఆమె వెళ్లింది. మెట్ల కింద నిలబడింది. ఒక చీపురు, రెండు ఖాళీ బకెట్లు, గచ్చు మీద టైరు ఆనిన చోట పొడుగాటి తుప్పు గీత. టైర్లు నొక్కి చూడటానికి పట్టేంతసేపు అక్కడే ఆగి పైకెక్కింది.

"లేదు బాబాయిగారూ. గాలి లేదు."

"ఎందుకుంటుంది," అన్నాడాయన తృప్తిగా. "ట్యూబులు మార్చాలి."

మంగళవారం ఆయన వాకరు పట్టుకుని గది గుమ్మం దాకా వచ్చాడు. బుధవారం మెట్ల పై అంచు దాకా వచ్చి, కిందికి తొంగి చూసి, చెమట తుడుచుకుని, "శుక్రవారం దిగుతా" అన్నాడు. ఆమె చేతిలో ఒక చీటీ పెట్టాడు. కిరసనాయిలు సీసా, పాత గుడ్డలు, ఇసక కాగితం. మిల్లులో స్టోర్సుకి రాసినట్టు వరస నంబర్లు వేసి, కింద గీత గీసి ఉంది.

ఆమె అవన్నీ కొన్నది. కొన్నవాటిని ఆ సైకిలు క్యారియరుకే కట్టుకుని తొక్కింది. సీసా తొణుకుతుంటే మనసులో ఎక్కడో గుచ్చుకుంది. తిరిగిచ్చేస్తే సరిపోతుంది కదా అని ఒక మలుపులో అనుకునేది. ఇచ్చేసినా, ఆయన విప్పాల్సిన నట్టులన్నీ తను విప్పించేసింది, ఇంకేం ఇస్తుందని తర్వాతి మలుపులో అనుకునేది. ఆ రెండు మలుపుల మధ్య పల్లం వచ్చిందంటే మళ్లీ కాళ్లు తేలిపోయేవి. ఆ సంతోషం చూసి తన మీద తనకే ఒళ్లు మండింది. రోగుల ఇళ్లలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఒక ముసలావిడకి కుడిచేతికి వెయ్యాల్సిన కట్టు ఎడమచేతికి వెయ్యబోతే, ఆవిడే చెయ్యి మార్చి పెట్టింది.

సాయంత్రం భర్తతో అంతా చెప్పింది.

"ఇచ్చెయ్యి," అన్నాడాయన, అన్నం కలుపుతూ.

"నాకివ్వాలని లేదు."

"మరైతే ఊరుకో."

"ఊరుకోలేకపోతున్నా."

"నువ్వు రెండిట్లో ఒకటి తేల్చుకునేసరికి నా రిటైర్మెంటు వచ్చేస్తుంది," అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

గురువారం ఆమె తేల్చుకుంది. అయితే అసలు చోట కాదు, ఇంకో చోట. గేటు దగ్గర స్కూలుకి బయల్దేరుతున్న కోడల్ని ఆపేసింది. తప్పంతా ఇంకొకరి నెత్తిన పెడితే తన గుండె బరువు తగ్గుతుందని మనిషికి ఒక ఆశ.

"మీరు ఆయన్ని ఒక్క మాట అడగాల్సిందమ్మా. ఆ సైకిలు కోసమే ఆయన కాలు కదుపుతున్నారు. పెద్దవాళ్ల వస్తువు, వాళ్లకి తెలియకుండా పారేస్తారా?"

కోడలు చేతిలో ఉన్న పుస్తకాల సంచీని గేటు దిమ్మ మీద పెట్టింది.

"ఆయన బాత్రూంలో పడ్డారని మీకెవరు చెప్పారు?"

"కాగితాల్లో ఉంది."

"నేనే రాయించా. ఆయన పరువు పోతుందని బతిమాలితే రాయించా. పడింది ఈ వాకిట్లో, ఆ సైకిలు మీద నుంచి. టైర్లలో గాలి లేదు, చక్రం తిరగదు, డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఎవరూ లేకుండా చూసి ఎక్కారు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆయన పడి రెండు గంటలైంది. రెండు గంటలు ఎండలో ఇక్కడ, ఇదిగో ఈ దిమ్మ పక్కన, సైకిలు కింద పడున్నారు. అరిచి అరిచి గొంతు పోయింది. నన్ను చూడగానే ఏమన్నారో తెలుసా? బండికేమైనా అయిందా చూడమ్మా అన్నారు. ఇంట్లో ఉంటే మళ్లీ ఎక్కుతారు. అడిగితే ఒప్పుకోరు. అందుకే అడగలేదు."

నర్సు గేటు దిమ్మ వైపు చూసింది.

"నేను అడగలేదు, నిజమే," అంది కోడలు సంచీ తీసుకుంటూ. "మీరడిగారా?"

నర్సు గేటు తీసి దారిచ్చింది. ఆ పూట మిగతా ఇళ్లన్నిటికీ సైకిలుని తోసుకుంటూ నడిచే వెళ్లింది. ఎక్కబుద్ధి కాలేదు.

శుక్రవారం సైకిలుని మందుల షాపు దగ్గర ఆపలేదు. నేరుగా గేటు లోపలికి తెచ్చి స్టాండు వేసింది. కోడలు స్కూలుకి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఆయన మెట్లు దిగే రోజని. సైకిలుని ఒకసారి చూసి, మెట్ల కింద స్టూలు తెచ్చి వేసింది. నర్సు పైకెక్కింది. పెద్దాయన అప్పటికే మంచం అంచున కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకున్నాడు. ఆమె తెచ్చిచ్చిన కిరసనాయిలు సీసా, గుడ్డలు పక్కనే సర్దుకున్నాడు.

"బాబాయిగారూ, సైకిలు మెట్ల కింద లేదు," అంది ఆమె, నిలబడే. "పోయిన గురువారం మీ కోడలు పారెయ్యబోతుంటే నేను తీసుకెళ్లా. బాగుచేయించా. రోజూ తొక్కుతున్నా. మీరు గాలి చూసి రమ్మన్నప్పుడు ఖాళీ గచ్చు చూసొచ్చి అబద్ధం చెప్పా."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత సీసా వైపు చూశాడు. దాన్ని కాస్త పక్కకి జరిపాడు. నర్సుకి ఆ జరపడం తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

"దించు నన్ను," అన్నాడు.

పదకొండు మెట్లకి పావుగంట పట్టింది. మంచి కాలు ముందు పైకి, విరిగిన కాలు ముందు కిందికి అని ఆమె నేర్పిన లెక్కని ఆయన మెట్టు మెట్టుకీ గొంతెత్తి చెప్పుకున్నాడు. నర్సు ఒక మెట్టు కింద ఉండి, ఆయన నడుముకి కట్టిన బెల్టు పట్టుకుంది. కోడలు వెనక నుంచి చొక్కా పట్టుకుంది.

కింద స్టూలు మీద కూలబడ్డాక ఆయన సైకిలుని చూశాడు. చెయ్యి చాచి బ్రేకు కడ్డీ నొక్కి వదిలాడు. పెడల్ని వెనక్కి తిప్పి, చెవి అటు పెట్టి విన్నాడు. వెనక చక్రాన్ని ఒక చుట్టు తిప్పి చూశాడు. సీటుకి పట్టించిన నూనెని వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నర్సు సంచీ క్యారియరు మీద ఇంకా కట్టే ఉంది.

"బండెవరిది?"

"మీదే."

"ఎవర్నడిగి తీసుకెళ్లావు?"

"మీ కోడల్ని."

ఆయన కోడలి వైపు తిరిగాడు. "నువ్వెవర్నడిగి ఇచ్చావమ్మా?"

కోడలు గోడకి ఆనుకుని నేల చూపులు చూసింది.

"కాలు విరిగింది గానీ నాకు నోరు పడిపోలేదు కదా," అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అన్నం తింటారా అంటారు, కంచం ముందే పెట్టేసి ఉంటుంది. పడుకుంటారా అంటారు, లైటు ముందే తీసేసి ఉంటుంది. ఆరు వారాలుగా ఈ ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అడగలేదు."

నర్సు ముందుకొచ్చింది. "ఇప్పుడడుగుతున్నా బాబాయిగారూ. డ్యూటీకి రోజూ మీ సైకిలు తీసుకెళ్లనా?"

"ఇవ్వను," అన్నాడు పెద్దాయన.

ఆమె ఆ మాట ఊహించలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఇంత దూరం వచ్చి నిజం ఒప్పుకున్నాక ఆయన తీసుకుపొమ్మనే అంటాడని, కాదు కాదంటూ తను కళ్లు తుడుచుకుంటూ తీసుకోవచ్చని అనుకుంది. క్యారియరు తాడు విప్పి సంచీ భుజాన వేసుకుంది.

"మావయ్యగారూ, పాపం అంత దూరం..." అంది కోడలు.

"ఇవ్వనన్నా కదమ్మా." ఆయన వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి ఆ మొహంలో కళ కనిపించింది. "వెనక చక్రం బెండు తియ్యలేదు. ఈ బండెక్కి ఊరంతా తిరిగావా? ఎవడు చేశాడు దీన్ని?"

ఆమె బస్సెక్కింది. సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, తనకి ఏడుపు రావాలి కదా, ఎందుకు రావడం లేదా అని ఆలోచించింది. కాళ్లు మాత్రం ఊరుకోలేదు, నిలబడ్డ చోటే ఒకటి మార్చి ఒకటి ఆనించింది. భర్త సాయంత్రం సైకిలేదని అడిగితే, "ఆయన ఇవ్వనన్నాడు" అంది. ఆ మాట అంటున్నప్పుడు నవ్వొచ్చింది. భర్త అర్థంకాక ఆమెని రెండుసార్లు చూశాడు.

శనివారం కట్టు మార్చే రోజు. ఆమె పక్క వీధి మలుపు తిరుగుతుండగానే ఇనుము మీద ఇనుము తగిలే చప్పుడు వినిపించింది. పెద్దాయన కిందనే ఉన్నాడు, నర్సు రాకముందే, కోడలి భుజం పట్టుకుని దిగాడట. సైకిలు సీటు మీద తలకిందులుగా నిలబడి ఉంది. ఆయన వెనక చక్రాన్ని తిప్పుతూ, రిమ్ము పక్కన సుద్దముక్క ఆనించి, ఊగిన చోట గీత పడగానే ఆపి, ఆ చువ్వని పావు మర బిగిస్తున్నాడు. సైకిలు కదలకుండా కోడలు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మొహం మాత్రం అటు తిప్పుకుంది.

"ఎక్కనని మాటిచ్చారు," అంది నర్సుతో, ఎవరో అడిగినట్టు. "పట్టుకోమని అడిగారు. అందుకని పట్టుకున్నా."

నర్సు అక్కడే, స్టూలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని కట్టు మార్చింది. సైకిలు వైపు చూడకుండా ఉండటానికి తల ప్రాణం తోకకొచ్చింది. పని కాగానే సంచీ సర్దుకుని లేచింది.

"ఏం, ఇవాళ అడగవా?" అన్నాడు పెద్దాయన, చక్రం మీద నుంచి కళ్లెత్తకుండా.

"నిన్న ఇవ్వనన్నారు కదా."

"నిన్నడిగావు కాబట్టి నిన్న చెప్పా."

ఆమె సంచీ కింద పెట్టింది. "బాబాయిగారూ, ఇవాళ మీ సైకిలు తీసుకెళ్లనా?"

ఆయన తొందరపడలేదు. చక్రం మళ్లీ తిప్పాడు. సుద్దముక్క దగ్గరగా పెట్టాడు. రిమ్ము ఎక్కడా తగలకుండా తిరిగి తిరిగి దానంతట అదే ఆగేదాకా చూశాడు. గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. ఈసారి కూడా ఇవ్వనంటాడేమో అనుకుంది నర్సు. అంటే అననీ, మళ్లీ రేపు అడగొచ్చని మొదటిసారి అనిపించింది.

"తిప్పి నిలబెట్టు," అన్నాడాయన. "సాయంత్రం ఆరింటికల్లా తెచ్చెయ్యాలి. ఎలా తిరిగిందో, ఎక్కడ చప్పుడు చేసిందో చెప్పాలి."

కోడలూ ఆమే కలిసి సైకిలుని నిలబెట్టారు. నర్సు సంచీ కట్టుకుంది. గేటు దాటించి, బారు మీదుగా కాలు వేసి, ఏదో గుర్తొచ్చి ఆగింది.

"రేపు ఆదివారం బాబాయిగారూ. నాకు డ్యూటీ లేదు, ఇటు రాను."

"డ్యూటీ లేకపోతే తొక్కవా?"

ఆమె ఆయన్ని చూసింది. ఆయన అప్పటికే చేతిలోని పానాని తుడుచుకుంటున్నాడు, ఆమె జవాబుతో తనకి పనిలేనట్టు.

"ఎన్నింటికి దిగుతారు?" అంది.

"నువ్వెన్నింటికి వస్తావో చెప్పు, ఆ వేళకి దిగుతా."

"ఏడింటికి," అని చెప్పి, నర్సు పెడల్ మీద కాలు పెట్టింది.